నాన్న నీళ్ళలోకి దిగని ఆదివారం: శివనాథ్ అవతలి రిటైర్మెంట్ కాలనీ క్లబ్బులో ఒక పూట

మా నాన్న మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఈ వేసవిలో చూపించినప్పుడు డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకేసి పట్టుకుని, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు నడుములోతు గోరువెచ్చని నీళ్ళలో నడిపించండి అన్నాడు. నీళ్ళలో ఒంటి బరువు మోకాళ్ళ మీద పడదట. వినడానికి బాగానే ఉంది. కానీ భిలాయ్ క్యాంప్ 2లో మా కుళాయికి పొద్దున గంటసేపు నీళ్ళొస్తాయి, రెండు డ్రమ్ములు నిండుతాయి, అంతే. నడుములోతు నీళ్ళు ఎక్కడినుంచి తేవాలి? ఊళ్ళో ఉన్న ఈత కొలనుల్లో పిల్లలు దూకుతుంటారు, మెట్లు నిటారుగా ఉంటాయి, నీళ్ళు చల్లగా ఉంటాయి. నేను వాటర్ ఫిల్టర్లు బిగించే పని చేస్తాను. నెహ్రూ నగర్‌లో ఒక ఇంట్లో ఫిల్టరు మారుస్తుంటే సోఫా మీద ఒక రంగుల పాంప్లెట్ కనిపించింది. దుర్గ్ దాటి, శివనాథ్ నది అవతల, రిటైరైన వాళ్ళ కోసం కట్టిన కాలనీ. అందులో వాళ్ళకొక కంట్రీ క్లబ్బు. క్లబ్బులో, ఫోటోతో సహా, రెయిలింగ్ ఉన్న వేడినీళ్ళ కొలను.

ఇళ్ళు కొనాలనుకునేవాళ్ళు చూసుకోవడానికి ఆదివారాలు ‘ట్రయల్ డే’ పెట్టారు. అరవై దాటినవాళ్ళకు, వాళ్ళ వెంట వచ్చే ఒకరికి ప్రవేశం ఉంటుంది. మనిషికి రెండు వందల యాభై, భోజనంతో కలిపి. గురువారంలోగా ఫోను చేసి పేరు రాయించుకోవాలి, ఫోనుకు ఒక ఫారం వస్తుంది, నింపి పంపాలి. మేం ఇల్లు కొనేవాళ్ళం కాదు. అయినా కొలను నచ్చితే తర్వాత కూడా అదే రేటుకు నెలకు నాలుగు ఆదివారాలు పాస్ ఇస్తారని ఫోనులో అమ్మాయి చెప్పింది. ఇలాంటి ఇబ్బందే ఉన్న తల్లిదండ్రులు మీ ఇంట్లోనూ ఉండొచ్చు కాబట్టి వివరాలన్నీ రాస్తున్నాను. నేను చేసిన పని కూడా రాస్తున్నాను. అది దాచి, కొలను ఎంత బాగుందో మాత్రమే రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

ఆ ఫారంలో పేరు, వయసు, బీపీ, షుగరు అడిగిన తర్వాత ‘రిటైరైనప్పటి హోదా’ అని ఒక గడి ఉంది. మా నాన్న ముప్ఫై మూడేళ్ళు భిలాయ్ స్టీల్ ప్లాంటులో, కోక్ ఓవెన్స్‌లో పనిచేశాడు. బొగ్గును కోక్‌గా మార్చే పొయ్యిలు వరసగా ఉంటాయి, దాన్ని బ్యాటరీ అంటారు. ఆ పొయ్యిల పైకప్పు మీద నిలబడి మూతలు తీసి, బొగ్గు నింపించి, మళ్ళీ మూతలు వేయించే పని. కాలి కింద కాలుతుంటుంది కాబట్టి బూట్ల కింద చెక్క చెప్పులు కట్టుకుని తిరుగుతారు. మోకాళ్ళు అక్కడే పోయాయని డాక్టరు అనలేదు గానీ మాకు తెలుసు. నేను ఆ గడిలో ‘డిప్యూటీ మేనేజర్’ అని రాశాను. ఎవరూ రాయమనలేదు. తొమ్మిదో తరగతిలో చదువు మానేసినప్పటి నుంచి కొరియర్, మొబైల్ షాపు, కేటరింగ్, ఇప్పుడు ఫిల్టర్లు, ఇలా నేను పని కోసం ఎక్కిన పెద్ద గడపలన్నీ గేటు దగ్గర నిలబెట్టి ‘ఎవరు పంపారు’ అని అడిగినవే. మామూలు ఆపరేటరంటే రానివ్వరేమో అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఎనిమిదింపావుకు బయలుదేరాం. నాన్న షేరింగ్ ఆటోలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చోలేడు కాబట్టి మా సందులోనే ఉండే ఈశ్వర్రావు మావ ఆటో మాట్లాడాను. వెళ్ళి, అక్కడ ఆగి, తిరిగి తీసుకురావడానికి ఏడు వందలు. బయటివాళ్ళయితే తొమ్మిది వందల దాకా అడుగుతారు. పవర్ హౌస్ మీదుగా సుపేలా, నెహ్రూ నగర్, అక్కడినుంచి దుర్గ్, పుల్గావ్ నాకా దాటాక శివనాథ్ వంతెన. ఆదివారం కాబట్టి వంతెన దాకా నలభై అయిదు నిమిషాలే పట్టింది. వంతెన దిగి మూడు కిలోమీటర్లు వెళ్ళాక ఎడమవైపు పొలాల మధ్య కొత్త సిమెంటు రోడ్డు, దాని చివర కాలనీ గేటు. బోర్డు హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది, దారి తప్పరు.

నాన్న ఒళ్ళో ఒక కవరు ఉంది. అందులో నేను సుపేలా సంతలో కొన్న నైలాన్ నిక్కరు, రబ్బరు టోపీ. కొలనులో దిగాలంటే ఆ రెండూ తప్పనిసరి, లేకపోతే అక్కడ టోపీ ఒక్కటే నూటయాభైకి అమ్ముతారు, బయట అరవై. నాన్న టోపీని వేళ్ళతో సాగదీసి చూశాడు.

“ఏట్రా ఇది? లడ్డూల కవరు నాగుంది. ఇది తలకెట్టుకుని అందరి ముందర నిలబడాలేటి?”

ఈశ్వర్రావు మావ అద్దంలో చూసి నవ్వాడు. “పెట్టు బావా, నీ బట్టతలకి కొత్త కొబ్బరికాయ పీచు తీసినట్టుంటాది.”

“నీకు జుట్టుందని మిడిసిపడకు. రంగేస్తే జుట్టయిపోదు.”

నాన్న చాలా రోజుల తర్వాత హుషారుగా ఉన్నాడు. నేనే ఆ హుషారు తగ్గించాను. “నాన్నా, అక్కడ నువ్వు ఎక్కువ మాటాడకు. ఎవరైనా అడిగితే ప్రాజెక్టుల్లో చేశానని చెప్పు. డిప్యూటీ మేనేజర్ని అను. కోక్ ఓవెన్ ఊసెత్తకు.”

నాన్న టోపీని మళ్ళీ కవరులో పెట్టాడు. “ఎందుకురా?”

“రానివ్వరు మరి.”

“నాకు నీళ్ళు దొరికితే సాలు. నువ్వెలా సెప్తే అలగే” అన్నాడు. ఈశ్వర్రావు మావ మళ్ళీ అద్దంలో చూడలేదు.

బయటి బండ్లను లోపలికి రానివ్వరు. మావ గేటు దగ్గర వేపచెట్టు నీడలో ఆటో ఆపుకున్నాడు. గేటునుంచి క్లబ్బు అరకిలోమీటరు ఉంటుంది. పెద్దవాళ్ళ కోసం బ్యాటరీ బండి తిరుగుతూ ఉంటుంది, దానికి డబ్బు తీసుకోరు. తొమ్మిదిన్నరకల్లా రిసెప్షన్‌లో ఉన్నాం. అక్కడి అమ్మాయి పేరు నేహా. ఫారం తీసి చూసి, “డిప్యూటీ మేనేజర్ సార్, స్వాగతం” అంది హిందీలో. నాన్న నమస్కారం పెట్టి చేతులు అలాగే ఉంచేశాడు. కొలనులో దిగేవాళ్ళకు ముందు బీపీ చూస్తారు, అందుకని నర్సు నాన్నను పక్క గదిలోకి తీసుకెళ్ళింది. మోకాళ్ళ కాయితం చూసి, ఈయన తిరగొద్దు, బట్టలు మార్చుకుని కొలను దగ్గరే కూర్చోమనండి, పదకొండుకు నీళ్ళలోకి పంపుతారు అని చెప్పింది. అలా మేం విడిపోయాం.

క్లబ్బు చూడటానికి వెళ్ళేముందు, ఫారంలో ఆ హోదా గడి ఎందుకో నేహాను అడిగాను. “ఊరికే. ప్లాంటువాళ్ళను ప్లాంటువాళ్ళతో, రైల్వేవాళ్ళను రైల్వేవాళ్ళతో కలిపి కూర్చోబెడతాం, కబుర్లకు బాగుంటుందని” అంది. వెల్డర్లు, డ్రైవర్లు కూడా వస్తారా అంటే, “పోయిన వారం చరోదా నుంచి ఇద్దరు రైల్వే గ్యాంగ్‌మన్లు వచ్చారు, కేరమ్స్‌లో అందరినీ ఓడించి వెళ్ళారు” అంది. అప్పుడే చెప్పేయాల్సింది. తప్పు రాశాను, మార్చండి అంటే రెండు సెకన్ల పని. నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె నన్ను తీసుకెళ్ళి, “వీళ్ళూ ప్లాంటు ఆఫీసర్లే” అంటూ శ్రీవాస్తవ దంపతులకు అప్పగించింది. ఆయన అకౌంట్స్‌లో పెద్ద హోదాలో రిటైరయ్యాడు. మనిషి మర్యాదస్తుడు. “మీ నాన్నగారు ఏ విభాగం?” అని అడిగాడు. ప్రాజెక్టులు అన్నాను. ఎక్కడెక్కడ చేశారు అని అడిగితే వైజాగ్, రూర్కెలా అన్నాను. నాన్న వైజాగ్‌లో చేసిందల్లా ఊరెళ్ళేటప్పుడు రైలు మారడం.

ఇక క్లబ్బు సంగతి. ఇంత శ్రద్ధగా కట్టిన చోటు నేను చూడలేదు. నడవాలన్నిటికీ రెండు వైపులా నడుమెత్తులో చేతిపట్టు ఉంది, అది మలుపుల్లో కూడా తెగకుండా వెళ్తుంది. గచ్చు మీద ఎత్తుపల్లం ఉన్న ప్రతిచోటా రంగు మారుతుంది, చూపు తగ్గినవాళ్ళు తడబడకుండా. బాత్రూముల్లో బెల్లు గోడమీద కాకుండా నేలకు జానెడు ఎత్తులో ఉంది, దానికి తాడు వేలాడుతుంది. పడిపోయినవాళ్ళు నిలబడి బెల్లు కొట్టలేరు కదా. పేకాట గదిలో ముక్కల మీద అంకెలు అరచేయంత ఉన్నాయి. చేతులు వణికేవాళ్ళకు ముక్కలు గుచ్చుకునే చెక్క స్టాండ్లు ఉన్నాయి. బిలియర్డ్స్ బల్ల, చిన్న సినిమా హాలు, ఆవిరి గది, ఫిజియోథెరపీ, పూలమొక్కలు పెంచుకోవడానికి నడుమెత్తు తొట్లు, వాటిలో వంగకుండా మట్టి తవ్వుకోవచ్చు. లైబ్రరీలో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ పత్రికలు ఉన్నాయి. తెలుగు లేదు, అడిగితే తెప్పిస్తామన్నారు. శ్రీవాస్తవ గారు ప్రతిదీ ముట్టుకుని చూశారు. ఆయన భార్య ఆవిరి గది ముందు నిలబడి, చెమటకు కూడా గది కట్టారు అంటే, నేను గట్టిగా నవ్వాను. ఆ నవ్వులో మా నాన్న ఎక్కడా లేడు. నేను నిజంగానే ఎవరో డిప్యూటీ మేనేజరు కొడుకునై, దాదాపు రెండు గంటలు హాయిగా తిరిగాను. ఫోటోలు కూడా తీసుకున్నాను.

పెద్దవాళ్ళ వేళలు కాబట్టి భోజనం పదకొండున్నరకే మొదలవుతుంది. హాలుకు దారి కొలను పక్కనుంచే. పదకొండూ నలభైకి మేం అటు వచ్చేసరికి నాన్న ఈపాటికి నీళ్ళలో ఉంటాడని నేను చూశాను. లేడు. గట్టు మీద నిలబడి ఉన్నాడు. నైలాన్ నిక్కరు, రబ్బరు టోపీ, పైన బనీను. ఒక చేత్తో గచ్చు తుడిచే కర్ర పట్టుకుని, దాని మీద బరువానించి, కళ్ళు నీళ్ళమీంచి తీయకుండా. కొలనులో ఒకాయన, ఎడమ కాలూ చెయ్యీ సరిగా రానాయన, రెయిలింగ్ పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. ఇంకో ఇద్దరు పెద్దావిడలు చివర్న నిలబడి మాట్లాడుకుంటున్నారు. జరిగింది తర్వాత తెలిసింది. కొలను చూసుకునే ధనేశ్ అనే కుర్రాణ్ణి సూపర్‌వైజరు భోజనాల హాల్లో కుర్చీలు మోయడానికి పిలిచాడు. అతను నాన్నతో, “బాబూజీ, రెండు నిమిషాలు చూస్తారా” అని చెప్పి వెళ్ళాడు. అప్పటికి పదకొండూ అయిదు.

శ్రీవాస్తవ గారి భార్య చీర అంచు తడిసింది. ఆవిడ నాన్నను చూసి, “భయ్యా, ఒక తువ్వాలు ఇస్తారా?” అంది. నాన్న నీళ్ళమీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాచి ర్యాకులోంచి తువ్వాలు తీసి ఇచ్చాడు. శ్రీవాస్తవ గారు నాతో, “ఈ వయసువాళ్ళకు కూడా పని ఇచ్చారు, మంచిదే” అన్నారు. నేను తల ఊపాను. అక్కడితో దాటిపోయేవాళ్ళమే. నాన్న నన్ను చూశాడు. మొహం వెలిగింది.

“ఒరే సిన్నా! నా రిలీవరు ఇంకా రానేదురా. నువ్వెల్లి తినీ. నాను బేగి వచ్చెత్తాను.”

శ్రీవాస్తవ గారు నన్ను చూశారు. “మీకు తెలిసినవారా?”

ఒక్క మాట చాలు. నోట్లోకి వచ్చింది కూడా. కానీ పొద్దుటినుంచి చెప్పిన వైజాగ్, రూర్కెలా అన్నీ ఆ మాటకు అడ్డం నిలబడ్డాయి. “తెలిసినాయన. మా క్యాంపులో ఉంటాడు. మావాడే, తెలుగు” అన్నాను హిందీలో. తెలిసినాయన. మా నాన్నకు నాకంటే బాగా హిందీ వచ్చు. ముప్ఫై మూడేళ్ళు బిహార్ వాళ్ళతో, ఛత్తీస్‌గఢ్ వాళ్ళతో పక్కపక్కన పనిచేసినవాడు. ఆయన మొహంలో వెలుగు ఆరడం నేను చూడలేదు, ఎందుకంటే చూడకుండా ముందుకు నడిచాను. వెనకనుంచి మాత్రం వినిపించింది. నాన్న హిందీలో శ్రీవాస్తవ గారితో, “వెళ్ళండి సాబ్, అటు గచ్చు తడిగా ఉంది, నెమ్మది” అంటున్నాడు.

భోజనం బాగుంటుందని రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఉప్పు తక్కువ వంటలకు పచ్చ గిన్నెలు, మామూలు వాటికి తెల్ల గిన్నెలు. ఫుల్కాలు, పెసరపప్పు, సొరకాయ కూర, మెత్తగా వండిన అన్నం, పెరుగు, చక్కెర లేని ఖీరు. నమలలేనివాళ్ళకు అడిగితే అన్నీ మెదిపి ఇస్తారు. వడ్డించే ఆవిడ నా ప్లేటు చూసి, “బాబూ, ఏం తినలేదు, బాలేదా?” అంది. బాగుంది దీదీ అన్నాను. శ్రీవాస్తవ గారు, “మీ నాన్నగారు ఇంకా రాలేదే” అని రెండుసార్లు అడిగారు. మొదటిసారి నర్సు దగ్గర ఉన్నారన్నాను. రెండోసారి ఫోనులో ఉన్నారన్నాను. ఒకసారి మొదలుపెట్టాక అబద్ధాన్ని మేపుతూ ఉండాలి, అది ఊరికే ఉండదు. పన్నెండుంబావుకు చెయ్యి కడుక్కుని కొలను దగ్గరకు పరుగెత్తాను.

కొలను చుట్టూ తాడు కట్టేశారు. మోకాళ్ళవాళ్ళ వేళ పదకొండునుంచి పన్నెండు. తర్వాత నీళ్ళు శుభ్రం చేసి సాయంత్రం నాలుగుకు కాలనీవాళ్ళకు మాత్రమే తెరుస్తారు. ధనేశ్ చేతులు జోడించి నాన్న ముందు నిలబడి ఉన్నాడు. వచ్చేసరికి పన్నెండయిపోయిందట. నాన్న బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు. నిక్కరు పొడిగా ఉంది.

“నువ్వు దిగలేదా?” అన్నాను.

“ఎలా దిగుతానురా? సూడమని సెప్పి ఎల్లాడు. నీళ్ళల్లో మనుసులున్నారు. ఆ పెద్దాయన కాలు రెండుసార్లు జారింది.”

“నీళ్ళల్లో ఉండే చూడొచ్చు కదా!”

“నీళ్ళల్లో దిగితే మన కాళ్ళే సూసుకుంటాం. సూడ్డానికి నిలబడ్డోడు ఇంకో పని ముట్టుకోకూడదు. బ్యాటరీ మీద రిలీవరొచ్చి మన సోట్లో నిలబడ్డాకే కిందకి దిగేవోళ్ళం. ఒకసారి రాత్రి డూటీవోడు రాకపోతే పదహారు గంటలు ఉండిపోనేదూ? పోస్టు ఒగ్గేసి ఎలిపోతామేటి?”

నేను ధనేశ్ మీద అరిచాను. రెండు నిమిషాలని చెప్పి యాభై అయిదు నిమిషాలా, మా నాన్న ఏమైనా నీ నౌకరా అన్నాను. ‘మా నాన్న’ అనే మాట అక్కడ ఎంత సులువుగా వచ్చిందో! కుర్రాడు కళ్ళు దించుకున్నాడు. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. “ఆడినెందుకురా తిడతావు? కుర్సీలు మొయ్యమంటే మొయ్యడేటి? ఆడి పైన కూడా ఒకడున్నాడు.” తర్వాత మెల్లగా, “నాకు బువ్వొద్దు. ఎలిపోదాం” అన్నాడు. ధనేశ్ ఒక అరటిపండు తెచ్చిచ్చాడు. అది మాత్రం తిన్నాడు.

నాన్న బట్టలు మార్చుకుంటానని వెళ్ళాడు. నేను బయట పోర్టికోలో నిలబడ్డాను. బ్యాటరీ బండి వచ్చింది. శ్రీవాస్తవ దంపతులు ఎక్కి, “రండి, మీ నాన్నగారేరీ?” అన్నారు. అప్పుడే నాన్న గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో కవరుతో. బండిలో ఇద్దరికి చోటు ఉంది. నాన్న నన్ను చూసి, వాళ్ళను చూసి, ఆగాడు. శ్రీవాస్తవ గారు గుర్తుపట్టి, “బాబా, డ్యూటీ అయిపోయిందా? గేటుదాకా రండి” అన్నారు.

నాన్న చేతులు జోడించాడు. “వద్దు సాబ్, మీరు వెళ్ళండి. నేను నడిచి వస్తాను.” నన్ను అసలు పలకరించలేదు. తెలియనివాణ్ణి దాటినట్టు నా పక్కనుంచి దాటి, చేతిపట్టు లేని ఆ సిమెంటు దారి మీద నడక మొదలుపెట్టాడు. నా అబద్ధాన్ని నాకోసం ఆయన మోస్తున్నాడని అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కూడా నేను, నాన్నగారు తర్వాత వస్తారని చెప్పి, బండి ఎక్కి కూర్చున్నాను. ఇది రాయకుండా ఉండాలని చాలా అనిపించింది.

బండి నాన్నను దాటింది. ఆయన కుడికాలు ముందుకు వేసి, ఎడమకాలు దానిదాకా ఈడ్చుకుని, మళ్ళీ కుడికాలు వేస్తున్నాడు. దాటుతుంటే తల వంచుకుని చూపు గచ్చుమీదే పెట్టుకున్నాడు. వంద అడుగులు పోయాయేమో. “భయ్యా, ఆపండి” అన్నాను. డ్రైవరు ఆపాడు. “ఆయన మా నాన్న” అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. “కొలను దగ్గర నిలబడ్డాయన. డిప్యూటీ మేనేజరు కాదు. మా నాన్న.”

ఆ దారి ఇరుకు, బండి తిరగదు. డ్రైవరు వెనక గేరు వేశాడు. ఆ బండి వెనక్కి నడిస్తే కీ, కీ, కీ అని మోత పెడుతుంది. ఆ మోతతో, నత్తలా, వంద అడుగులూ వెనక్కి వచ్చాం. బెంచీల మీది పెద్దవాళ్ళంతా తలెత్తి చూశారు. బండి వెనక్కి రావడం చూసి నాన్న, ఎవరో ఏదో మరిచిపోయారనుకుని, గడ్డిలోకి దిగి దారి ఇచ్చి నిలబడ్డాడు.

నేను దిగి చెయ్యి పట్టుకుంటే, “నువ్వెల్లరా, ఆళ్ళు సూత్తన్నారు” అన్నాడు గొంతు తగ్గించి. చెప్పేశాను నాన్నా అన్నాను. ఆయన నా చేతి ఆసరాతో బండి ఎక్కాడు. శ్రీవాస్తవ గారి భార్య తన బ్యాగు ఒళ్ళోకి తీసుకుని చోటు చేసింది. ఆవిడ మొహం ఎర్రబడింది, తువ్వాలు అడిగినందుకేమో. శ్రీవాస్తవ గారు నాన్నవైపు తిరిగి, “ప్లాంటులో ఎక్కడ చేశారు?” అన్నారు.

“కోక్ ఓవెన్, సాబ్. బ్యాటరీ పైన.”

“నేను అంత సర్వీసులో ఒక్కసారి కూడా పైకి ఎక్కలేదు” అన్నారాయన.

“మంచి పని చేశారు సాబ్. చాలా వేడి” అన్నాడు నాన్న. శ్రీవాస్తవ గారు నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నేను ఒక్కణ్ణే నవ్వలేదు. వాళ్ళకు హోదాతో పనే లేదు. ఆ గడి పొద్దుటినుంచి నాలోనే ఉంది.

ఈశ్వర్రావు మావ “ఏటి బావా, ఈత నేర్చీసుకున్నావా?” అని అడిగితే, “నీళ్ళు బాగున్నాయిరా, బలే వెచ్చగున్నాయి” అన్నాడు నాన్న, వేలు కూడా ముంచకుండా. ఒంటిగంటకు బయలుదేరి రెండింపావుకు క్యాంపుకు చేరాం, దుర్గ్ దగ్గర కొంచెం ట్రాఫిక్. పుల్గావ్ నాకా దగ్గర నేను, వచ్చే ఆదివారానికి పాస్ రాయించనా, ఈసారి ఫారం సరిగ్గా నింపుతాను అన్నాను. నాన్న మోకాళ్ళ మీద కవరు సర్దుకున్నాడు. “ఒద్దులే రా. నాకేటి, నీళ్ళే కదా. నువ్వు ఇబ్బంది పడతన్నావు.” కోపంగా అనుంటే సమాధానం చెప్పుకునేవాణ్ణి. నిజంగా నాకోసమే అన్నాడు.

ఇది జరిగి మూడు వారాలైంది. ఆ సాయంత్రానికి వచ్చిన మోకాళ్ళ వాపు నాలుగు రోజులకు గానీ దిగలేదు. నేను ఎక్కడా కుదురుగా ఉండనని, ఏ పనిలోనూ నిలవనని మా నాన్న ఎప్పుడూ బాధపడతాడు. ఆరోజు ఆయన ఎవరో తెలియని కుర్రాడు చెప్పిన రెండు నిమిషాల మాటకు, ఎవరో తెలియని మనుషుల కోసం, అరిగిన మోకాళ్ళ మీద యాభై అయిదు నిమిషాలు నిలబడ్డాడు. నేను సొంత నాన్న పక్కన ఒక్క మాట చెప్పేంతసేపు నిలబడలేకపోయాను. క్షమించమని అడిగాను. “దేనికిరా?” అన్నాడు. దేనికో తెలిసీ అలా అడిగాడు, నా నోటితో అది మళ్ళీ పలకాల్సిన అవసరం లేకుండా. మొన్న గురువారం ఆయనకు చెప్పకుండానే ఫోను చేసి ఇద్దరి పేర్లూ రాయించాను. వస్తాడో రాడో తెలియదు. రాకపోతే మళ్ళీ రాయిస్తాను.

మీరు వెళ్తే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఆదివారాలు కొలను దగ్గర ఉండేది ఒక్క కుర్రాడే, అతన్ని ఎప్పుడైనా వేరే పనికి పిలవొచ్చు. క్లబ్బు చూడటం, ఫోటోలు, భోజనం అన్నీ పన్నెండు తర్వాత పెట్టుకోండి. పదకొండింటికి మీ పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దించి, వాళ్ళు బయటికి వచ్చేదాకా గట్టుమీద మీరే నిలబడండి.